రెండు చేతులెత్తి ఊపిండు

ముందుగాల ఒక మాట చెప్పుకోవాలె. నాకు అక్షరాలు తల నెరిసినంక అబ్బినయి. ఒత్తులు తప్పుతయి, శ రాయాల్సిన కాడ స పడుతది, ఒక్క పేజీ నిండేటాళ్లకు పొయ్యి మీది పప్పు అడుగంటుతది. ఆలస్యానికీ తప్పులకూ చదివేటోళ్లు మన్నించాలె. ఇది నా తమ్ముని బిడ్డ యమున కథ. చెవులు వినపడని పిల్ల. నాతోని అఆలు దిద్దిచ్చింది ఆమెనే. పెండ్లిచూపుల ఫోను ముందర కూసున్న ఆ గంటసేపు తన మనసులో ఏమేం తిరిగినయో ఆమె నాకు కొంత చేతులతో చెప్పింది, కొంత పలక మీద రాసి చెప్పింది. పక్కన కూసుండి నేను చూసింది కొంత కలిపిన, కథల మేనత్త అని వచ్చేది నేనే.

పెట్టె మీద ఎర్రలైటు ఇంకా వెలగలేదు. యమున దాని మీది నుంచి చూపు తియ్యలేదు, తీస్తే ఆ రెప్పపాటులోనే వెలిగి ఆరిపోతదేమో. వినపడేటోళ్లు ఫోను మోగితే వంటింట్లో ఉన్నా ఉరికొస్తరు, తనకు మాత్రం కండ్లు పక్కకు తిప్పితే ఫోను లేనట్టే. కుట్టుమిషను మీద తువ్వాల పరిచి దాని మీద పెట్టిండ్రు ఆ వీడియో ఫోనును. బూడిదరంగు పెట్టె, టిఫిను డబ్బా అంత ఎత్తు, ముందర అరచేయంత అద్దం, అద్దం నెత్తిన కందిగింజంత కన్ను, పక్కన మామూలు ఫోనుకున్నట్టే ఒక రిసీవరు. ఆ రిసీవరు ఎవల కోసమో, ఇటు ఈమెకు వినపడదు, అటు ఫోను చేసే ఆయనకు వినపడదు. పెట్టె వెనుక నుంచి ఒక నీలం వైరు కిటికీ ఊచల సందులోంచి మీది క్వార్టరుకు ఎక్కింది. మీద ఉండేది కామరాజు సారు, కోస్తా దిక్కు ఆయన, ఆ వరుస మొత్తంలో ఇంటర్నెట్ ఉన్నది ఆయన ఇంట్లోనే. పొద్దున తనే వంగి వైరు కిందికి వదిలి, "మీ అమ్మాయి మాట్లాడటం అయ్యేదాకా మా ఇంట్లో ఎవరూ కంప్యూటరు ముట్టుకోరు" అన్నడు. మాట్లాడటం అన్నడు ఆయన. ఆ మాటను యమున ఆయన పెదవుల మీద పట్టుకున్నది, తన సంగతిలో ఆ మాట ఎవరూ వాడరు, సైగలు చేస్తది అంటరు, చేతులు తిప్పుతది అంటరు.

ఈ పెట్టె పంపింది ప్రశాంత్. రామగిరి దిక్కు పిలగాడు, పుట్టుకతోనే వినపడదు, చిన్నప్పటి నుంచి హైదరాబాదులో చెవిటి పిల్లల బడిలో చదివి అక్కడనే అచ్చు పనిలో కుదిరిండు. ఆయన ఉండే హాస్టలులో అందరూ వినపడనోళ్లేనట, వాళ్లకు ఎవరో దాతలు ఇట్లాంటి ఫోన్లు ఇచ్చిండ్రట, వాటిల్లో ఒకటి బస్సు పార్సిలులో వేసి, ముందు ఆ పిల్లతో నేను మాట్లాడాలె, తర్వాతనే పెద్దలు అని సంబంధం తెచ్చిన లింగవ్వతో కబురు చెప్పించిండు. పార్సిలు విప్పిన నాడు నాయిన రాయమల్లు దాన్ని అటు ఇటు తిప్పి చూసి, "పిల్లను చూడకముందే సామాన్లు పంపుతుండేంది వీడు, కట్నం ఉల్టా వస్తున్నదా?" అన్నడు. వదిన మమత కడుపు పట్టుకొని నవ్వింది. నాయిన నవ్వలేదు. నాయిన పెదవులు చదువుడు కష్టం, మీసం సగం మాట మింగుతది, తంబాకు సగం మింగుతది. కని నిన్న అన్న మాట మాత్రం మీసాన్ని దాటి సాఫుగ కనపడ్డది. "ఈ పట్నం పిలగాడు సై అంటె సై. లేకుంటె గోలేటోళ్లకు మాటిస్త. ఆయితారం వస్తమన్నరు."

గోలేటి ఊరి సంబంధం ఆయన ఒకసారి వచ్చిపోయిండు. పెండ్లాం చనిపోయినాయన, ఇద్దరు పిల్లలు, బొగ్గు బాయిలో మంచి నౌకరి. వినపడదని చెప్పినా సరే ఆమె ముఖం దగ్గరికి వంగి నోరు ఇంత తెరిచి ఒక్కొక్క మాటా ఒర్రిండు, అన్నం వండ వస్తదా, పిల్లలకు తానాలు పోస్తవా. నోట్లో వెనుక పన్ను మీది వెండి కట్టు దాకా కనపడ్డది. ఆమె తల ఊపింది. తల ఊపుడు తప్ప ఇంకేం చెయ్యాలె. ఆయన వెనక్కి వాలి నాయిన దిక్కు చూసి, ఆమెకు అర్థం కాదనుకొని మామూలుగ అన్నడు, "లొల్లి పెట్టుకోదు, గదే కావాలె." మామూలుగ అన్న మాటలే పెదవుల మీద బాగా అర్థమైతయని ఆయనకు ఎట్ల తెలుస్తది. చెడ్డోడు కాదు, నాయిన చెప్పిండు చెడ్డోడు కాదని, నిజమే కావచ్చు. కని ఆ ఇంట్లో ఆమె చేతులకు వంట ఉంటది, బట్టలు ఉంటయి, తానాలు ఉంటయి. మాట ఉండదు. అమ్మ ఉన్నప్పుడు మాట ఉండేది. అమ్మకు యమున పెట్టిన పేరు ముక్కుపుల్ల తాకుడు, అన్నకు బుగ్గ మీద సొట్ట, నాయినకు నొసటి మీద పిడికిలి, బాయి టోపీకి దీపం ఉండే చోటు. అమ్మ పోయినంక ఆ ముక్కుపుల్ల సైగ ఎవలకు చూపియ్యాలో తెలియక ఎన్ని రోజులు వేలు ముక్కు దాకా పోయి ఆగిందో. మనిషి పోతే ఆ మనిషితో ఆడిన మాట గూడ పోతదని ఆమెకు అప్పుడు తెలిసింది. అన్న సదయ్య పెండ్లి చేసుకున్నడు, డ్యూటీలు, ఇప్పుడు గూడ బాయిలనే ఉన్నడు, ఇంట్లో ఒక్కటే సెల్లు, అది పొద్దున డ్యూటీకి పోయేటప్పుడు ఆయనతోనే పోయింది. వదిన మంచిదే. ఏదన్న అడుగపోతే మాత్రం తర్వాత, తర్వాత అని చెయ్యి చూపుతది. ఆ తర్వాత ఎన్నడు రాదు.

అద్దంలో ఒక మూలకు చిన్నగ తనే కనపడుతున్నది. మమత నిన్ననే మీటలు నొక్కి చూపింది, ఎదుటోళ్లకు నువ్వు ఎట్ల కనపడుతవో గదిగో అని. యమున ఇంతవరకు తన చేతులను పైనుంచే చూసింది, సూదిలో దారం ఎక్కించేటప్పుడు, జాకెటుకు కాజాలు కుట్టేటప్పుడు. అద్దంలో అవి ముందర నుంచి కనపడ్డయి. ఇవా నా చేతులు. ఇంత జల్దిగ తిరుగుతయా. అమ్మ చూసింది వీటినేనా. ఒక వేలు కొసకు సూది గుచ్చిన మచ్చ. గాజులు అడ్డం పడుతున్నయని తీసి పక్కన పెడితే మమత మళ్ల తొడిగింది. చీర సంగతిలో గూడ పొద్దున పెద్ద పంచాయితి అయింది. పూలూ జరీ లేని ముదురు రంగు కట్టుమను, చేతులు సాఫుగ కనపడాలె అని ఆ పిలగాడు చెప్పి పంపిండు. మమత నడుము మీద చేతులు వెట్టుకొని, "పెండ్లిచూపులకు పూలు లేని చీరనా? మా అవ్వగారింట్ల తెలిస్తె నవ్వుతరు," అన్నది. "చీరను చూసుకొని ఏం జేస్తడే, ఆయనకు చేతులే నోరు," అన్నది మేనత్త. "గట్లయితె గాజులన్న ఉండనియ్యి అత్తా, నోటికి లిప్‌స్టిక్ ఏసుకున్నట్టుంటది." చివరికి ముదురాకుపచ్చ చీర మమతనే వెతికి తీసింది, గాజులు మాత్రం వదలలేదు.

లైటు ఇంకా లేదు. ఆయన మనసు మారిందేమో. బడిలో నేర్చుకున్న చేతులు ఆయనవి, పుస్తకాలు చదివిన చేతులు. మాయి ఈ కాలనీ చేతులు, అమ్మ కొన్ని, నాయిన కొన్ని, నేను కొన్ని వేసి కలిపినయి, ఈ నాలుగు గోడలు దాటితే చెల్లుతయో చెల్లవో. జ్వరం వచ్చి చెవులు పోయినంక గూడ నాయిన మామూలు బడికే పంపిండు, వెనుక బల్ల, సారు వీపు, నల్లబల్ల మీద సుద్ద. రాసింది చూసి రాసుడు వచ్చింది, అంతే. ఒకవేళ ఆయన చేతులు నాకు అర్థం కాకపోతే? నాయి ఆయనకు అర్థం కాకపోతే? అప్పుడిగ వినపడేటోళ్లతోనే కాదు, వినపడనోళ్లతో గూడ మాట లేనిదాన్నని తేలిపోతది. అది తేలకుండ ఉంటేనే మంచిది, తేలకుండ ఉంటే గోలేటిలో గూడ ఎక్కడనో ఒకడు ఉన్నడు అనుకుంట బతుకొచ్చు. చెమటకు అరచేతులు తడిసినయి, చీర కొంగుకు తుడుచుకున్నది, మళ్ల తడిసినయి. కాళ్ల కింది నుంచి ఒక వణుకు వచ్చి మోకాళ్లల్లోకి ఎక్కింది, గూట్లో గిన్నెలు కదిలినయి, పెట్టె తువ్వాల మీద రవ్వంత జరిగింది. ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు, బొగ్గు కోసం రాయి పేల్చుడు. రోజూ వచ్చేదే, ఈ ఊరు తనకు వినిపించే మాట అదొక్కటే. మమత ఉరికొచ్చి వైరును పట్టుకున్నది, కరెంటు పోలేదు. వణుకు తగ్గింది.

అప్పుడు లైటు వెలిగింది.

నాయిన కుర్చీ ముందుకు గుంజుకున్నడు. మమత మీట నొక్కింది. అద్దంలో ముందుగాల గళ్లు గళ్లు, ఎవలదో నుదురు, ఎవలదో చొక్కా, గళ్లన్నీ చేరి ఒక ముఖమైనయి. సన్నటి ముఖం, పెద్ద చెవులు, నల్ల చొక్కా. వినపడని మనిషికి ఇంత పెద్ద చెవులేంది అని ఆమెకు నవ్వు రాబోయి భయంలో ఇరుక్కున్నది. ఆయన రెండు వేళ్లతో ఇంకో రెండు వేళ్ల మీద తట్టి ఆమె దిక్కు చూపిండు. ఏమది? మళ్ల తట్టిండు, కనుబొమలు ఎత్తిండు. తెల్వదు. మొదటి మాటే తెల్వదు. ఆయన ఆగి, ఇసుమంత గూడ విసుక్కోక, తన గుండె మీద వేలు పెట్టి, తర్వాత రెండు చూపుడు వేళ్లు నోటి పక్కన పెట్టి నవ్వు ముఖం చేసిండు. పేరు! ఆయనను వాళ్లు నవ్వేటోడు అంటరు కావచ్చు. పేరు అడుగుతున్నడు. యమునకు అమ్మ పెట్టిన పేరు ఉన్నది. ఆమె ఎడమ చేతిలో లేని సూదిని పట్టుకున్నది, ఒక కన్ను మూసింది, లేని దారాన్ని పెదవుల తడితో సన్నం చేసి బెజ్జంలోకి పంపింది. అమ్మ పోయినంక ఆ పేరు ఎవరికీ చెప్పలేదు.

ప్రశాంత్ కండ్లు పెద్దగైనయి. రెండు చేతులూ నెత్తి మీదికెత్తి, వేళ్లన్నీ విప్పి, అటు ఇటు, అటు ఇటు ఊపిండు.

యమున చేతులు ఒళ్లో పడ్డయి. ఆగు. ఆగమంటున్నడు. బాయి పనోళ్ల ఇంట్లో పుట్టినోళ్లకు ఆ సైగ వేరే చెప్పాల్సిన పని లేదు. కింద వాలు మీద తాడు కట్టిన బొగ్గు డబ్బాలను మిషను గుంజుతుంటే పక్కన నిలబడ్డోని కేక గూడ వినపడదు, అక్కడ దీపమే నోరు, దీపం అడ్డంగ ఊపితే మిషను ఆపాలె. హాలేజీ అనే ఆ మిషను మీద పని చేసిన నాయిన ఆమె చెవులు పోయిన ఏడాది ఆ భాషను ఇంటికి తెచ్చిండు. "నీకు వినపడకుంటె ఏంది బిడ్డా, బాయిల ఎవనికి వినపడుతది?" అని దీపం లేకుండ ఉత్త చేతితోనే నేర్పిండు. ఒక చెయ్యి ఊపితే ఆగు. రెండు చేతులు ఎత్తి ఊపితే ప్రాణం మీదికొచ్చింది, అడుగు తీసి అడుగు వెయ్యకు. చిన్నప్పుడు రోడ్డుకు అడ్డం ఉరుకుతుంటే అవతలి ఒడ్డున నాయిన రెండు చేతులెత్తి ఊపిండు, ఆమె కాళ్లు నేలకు అతుక్కున్నయి, ముక్కు ముందరి నుంచి బొగ్గు లారీ గాలి కొట్టుకుంట పోయింది. ఆ సైగ చూస్తే ఇప్పటికీ తలకంటె ముందు కాళ్లు ఆగుతయి. ఆయన ఇంకా ఊపుతనే ఉన్నడు. పేరు చెప్తే ఆపమంటున్నడు. ఆ సూది ఏంది, ఆ కన్ను మూసుడేంది, ఇది మాటేనా, చాలు ఆపు. తను ఒక్కతే అట్ల అనుకున్నదేమో అని నాయిన దిక్కు చూసింది. నాయిన కుర్చీలోంచి లేచి నిలబడ్డడు. ఇన్నేండ్లు హాలేజీ తిప్పిన మనిషి, చేతులు ఊగంగనే ఆయన చెయ్యి దానంతటదే మీట మీదికి పోయింది. అద్దం నల్లబడ్డది.

"ఏం జేసినవ్ మామా!"

"నువ్వు చూడలేదా? రెండు చేతులెత్తి ఆపుమంటుండు. ఆపిన."

"ఇట్ల షురూ అయిందో లేదో..."

"ఒద్దన్నోన్ని బతిలాడుతమా? నా బిడ్డ ఏం తక్కువున్నదని?" నాయిన మీసం వణికింది. నాయిన ముఖం అట్ల ఉన్నప్పుడు చూడకూడదని ఆమెకు తెలుసు. నేల దిక్కు చూసింది. గచ్చు మీద ఒక దారం ముక్క, ముదురు ఎరుపు, ఎవల జాకెటుదో. గోలేటి. ఆయితారం. తల ఊపాలె.

లైటు వెలిగింది. ఎవరూ కదలలేదు. ఆరింది. మళ్ల వెలిగింది.

"ఆపుమన్నోడు మళ్ల ఎందుకు జేస్తుండు?" అన్నది మేనత్త.

"తప్పయిందని చెప్పటానికి. పట్నపోళ్లు ఒద్దనేది గూడ మర్యాదగనే అంటరక్కా."

ఒద్దనుడు. ఆగు అనుడు. రెండూ ఒక్కటేనా? యమున ఆ ఎర్రటి వెలుగు తువ్వాల మీద పడి లేచుడు చూస్తున్నది. ఒద్దంటే చెయ్యి అవతలికి తోస్తరు. ఆగు అనేటోడు ఎదుటోడు బతకాలని అంటడు. మరి ఆయనకు ఏం అపాయం కనపడ్డది, నా వెనుక ఏమున్నది, గోడ, క్యాలెండరు, మమత. లారీ నాడు నాయిన ముఖం ఎట్లున్నది? నోరు సొట్టపోయి, కండ్లు తెల్లగ, చచ్చినోని ముఖం. ఇందాక ఆయన ముఖం? ఆమె కండ్లు మూసుకొని ఆ గళ్ల ముఖాన్ని మళ్ల వెనక్కి గుంజింది. పండ్లు కనపడుతున్నయి. పైవి, కిందివి. బుగ్గలు చెవుల దాక పోయినయి. అపాయం చూసినోడు ఎవడన్న అట్ల నవ్వుతడా? చేతులు ఒకటి చెప్పినయి, ముఖం ఇంకొకటి చెప్పింది. చెవులు పోయిన కాన్నుంచి ముఖాలు చదువుకుంట బతికినదాన్ని, ఇయ్యాల చేతులొక్కటే చూసిన. భయంతోని చూసిన. లైటు ఆరింది. ఇగ వెలగదేమో. ఇగ వెలగకపోతే, ఆ నవ్వు దేనికో తెలియకుండనే గోలేటిలో అన్నం వండాలె, ఎన్నేండ్లు బతికితే అన్నేండ్లు అది దేనికో అనుకోవాలె. వెలుగు. ఒక్కసారి వెలుగు. మమత ఏదో అంటున్నది, నాయిన వైరు దిక్కు పోతున్నడు, ఊచల దగ్గర వంగుతున్నడు, గుంజుతడు, ఇప్పుడు గుంజుతడు.

వెలిగింది. యమున లేచింది. నాయిన మణికట్టు పట్టుకొని వైరు మీది నుంచి తీసింది. పుట్టినకాడి నుంచి ఆయన చేతిని ఆమె ఎన్నడూ తొయ్యలేదు. ఆయన ఆశ్చర్యంతో ఆమె ముఖంలోకి చూసిండు. "ఉండనియ్యి తమ్మీ," అన్నది మేనత్త. యమున తిరిగొచ్చి తన వేలితోనే మీట నొక్కింది.

గళ్లు, గళ్లు, ముఖం. నవ్వు లేదు ఇప్పుడు. తెల్లబోయి ఉన్నడు, చేతులు ఛాతీకి ఆనించి కదలకుండ పట్టుకున్నడు, కదిలిస్తే మళ్ల పోతదేమో అన్నట్టు. వెనుక ఇంకో నలుగురైదుగురు పిలగాండ్లు మెడలు సాచి చూస్తున్నరు. యమున రెండు చేతులు ఎత్తింది. ఆయన చేసినట్టే ఊపింది. తర్వాత ముఖమంతా ఒక్క ప్రశ్న చేసింది, ఎందుకు? ఎందుకు ఆపుమన్నవు? అరచేయి అడ్డం పెట్టి చూపింది, ఇదిగో, ఆపు, నువ్వు, నన్ను, ఎందుకు?

ఆయనకు అర్థం కావటానికి కొంచెం సేపు పట్టింది. అర్థమైనంక నోరు తెరిచిండు. వెనుకోళ్ల దిక్కు తిరిగి చెప్పిండు. వాళ్లందరి చేతులు ఒక్కసారి లేచినయి, వేళ్లు విప్పుకొని, ఊగుకుంట, అద్దం నిండ చేతులే, వాటి కింద పండ్లు కనపడే ముఖాలే. ఆయన ఇటు తిరిగి రెండు అరచేతులు కొట్టి చూపిండు, చప్పట్లు. ఆ చప్పట్లను తుడిచేసినట్టు చేసి, చెవి మీద వేలు పెట్టి, లేదు అన్నడు. మళ్ల చేతులెత్తి ఊపి, కండ్ల మీద వేళ్లు పెట్టిండు. మనకు వినపడని చప్పట్లు మనకెందుకు? కనపడేయి కావాలె. నీ పేరు బాగున్నది. అందుకు.

ఆమెకు ఏడుపు రావాలె, రాలేదు, దానికి బదులు కోపం వచ్చింది. ఇంత భయపెట్టి, నాయిన ముఖం అట్ల చేసి, చప్పట్లట! తప్పు, అన్నది. వేలు ఆడించి గట్టిగ అన్నది. ఇది ఆపు. మా దిక్కు ఇది ఆపు. తాడు చూపింది, డబ్బాలు చూపింది, వాలు చూపింది, ఒక మనిషిని డబ్బాల ముందర నిలబెట్టింది, చేతులు ఊపి డబ్బాలను ఆపింది, మనిషిని బతికిచ్చింది. చూసినవా? ఆయన చూసిండు, తల ఊపిండు, మెచ్చుకున్నడు, కని ఒప్పుకోలేదు. నీ బాయిల ఆపు కావచ్చు, లోకంలో ఇది చప్పట్లు. లోకం ఎవలది? అన్నది ఆమె. అందరిది, అన్నడు. అందరిదయితే మాది గూడ. మీరు మార్చుకోండ్రి. మీరే మార్చుకోండ్రి. గాజులు చేతికి అడ్డం పడుతున్నయి, గుంజి పక్కన పడేసింది. ఆమె చేతులు అంత జోరుగ తిరుగుడు ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. ఆయన ఒక మాట అంటే ఇటు రెండు, ఇటు రెండంటే అటు మూడు, ఎవరూ తర్వాత అనలేదు.

రాయమల్లు ఒక చెయ్యి కిటికీ ఊచ మీద వేసి నిలబడే ఉన్నడు. "ఏమంటుండ్రే?" అన్నడు కోడలితోని.

"కొట్లాడుకుంటుండ్రు మామా."

"ఇంకా లగ్గమే కాకపాయె!"

"అయినంక తీరికుండదని ఇప్పుడే మొదలువెట్టిండ్రు."

"ఎవలు గెలుస్తుండ్రు?"

"పిలగాడు పాపం ఒక్కడున్నడా, వెనుక అంతమందున్నరు. అయినా మన పిల్లదే పైచెయ్యి."

రాయమల్లు చెప్పులు వేసుకున్నడు. తలుపు కాడ ఆగి, "కామరాజు సారును అడిగి ఫోను చేసొస్త, గోలేటోళ్లను ఆయితారం రావొద్దని," అని అందరికీ వినపడేటట్టు అన్నడు. బిడ్డకు గూడ తెలవాలని ఆమె ముందరికొచ్చి ఒకసారి నిలబడ్డడు. యమున మెడ పక్కకు వంచి, ఆయన అడ్డం లేకుండ అద్దాన్ని చూసింది. ఆమె చెప్పేది ఇంకా ఒడువలేదు.

ఐలవ్వ
వయసు అరవై ఎనిమిది
ఇప్పుడు ఉండేది యమున ఇంట్ల, మౌలాలి, హైదరాబాదు